జీవము, హానాలు: బస్తరు గోండుల చైతన్యభావన

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బస్తరు అరణ్యప్రాంతమున నివసించు మురియా, మాడియా గోండులు మానవునియందలి చైతన్యమును రెండుగా భావింతురు. దేహమును చలింపజేయు ప్రాణశక్తి జీవము. మరణానంతరము నిలిచియుండు వ్యక్తిస్వరూపము హానాలు. ఆదిలాబాదు రాజగోండులు రెండవదానిని సనాల్ అందురు. భగవంతుడు జీవమును మరల రప్పించుకొనుటయే మరణమనియు, సనాల్ మాత్రము పితృగణమునఁ జేరి వంశమును కనిపెట్టియుండుననియు వారి విశ్వాసమును మానవశాస్త్రజ్ఞుడు ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ సవిస్తరముగ వివరించెను.

ఈ భావనయందు మిక్కిలి గమనింపదగిన విశేషమేమనగా, గతించినవారు దూరలోకములకేగక బ్రతికియున్నవారి నడుమనే వర్తింతురనుట. దక్షిణ బస్తరున మాడియాలలో ఒక శాఖయగు దండామి మాడియాలు మృతుల పేర నిలువురాళ్ళు నాటుదురు. నాటిన రాయి పెరిగినచో పితరుడు సంతుష్టుడయ్యెనని తలంచుటయుఁ గలదు. అట్లే దేవత గూడ ప్రత్యక్షముగ పలుకవలసినదే: కొయ్యదుంగలతో నిర్మించిన ఆంగదేవుని భుజములపై మోయుచు, ఆ దుంగల కదలికలనుబట్టి నేటి రోగమునకు, నేటి కలహమునకు సమాధానము గ్రహింతురు; సిరహా యనబడు మాధ్యముడు ఆవేశమునొంది దేవతావాక్కును వినిపించును. దీనిని కేవలము భూతారాధనమని త్రోసిపుచ్చుట అన్యాయము; సత్యమును కంటియెదుటి క్షణమునందే వెదకు గంభీరమైన దర్శనమిది.

పరిశోధకులగు గ్రిగ్సన్ 1938లోను, వెరియర్ ఎల్విన్ 1947లోను ప్రకటించిన గ్రంథములు ఈ జాతులకు లోకప్రసిద్ధి కల్పించెను. నేడు నిలువురాళ్ళకు మాఱుగా రంగుబొమ్మలు చిత్రించిన సిమెంటు స్మారకములును దక్షిణ బస్తరు రహదారుల ప్రక్కన కానవచ్చుచున్నవి.