మన రేడియోకి ఎన్ని పేర్లో

ఆకాశవాణి అనాలా, ఆలిండియా రేడియో అనాలా అని అడుగుతావేటి బావూ? మేం రెండూ అన్నాం. మా నాయినైతే రెండూ కాదు, "మద్రాసు" అనీవోడు. "ఇయాల మద్రాసు ఏటి సెప్పింది?" అంటే రేడియో ఏం చెప్పిందని. మంట దగ్గరకి జరగండి, చెప్తాను.

అప్పట్లో సిక్కోలు, ఇజీనారం అన్నీ మద్రాసు కిందే కదా. ఆ మద్రాసు రేడియో మొదలెట్టింది సర్కారు కాదు. 1924లో కృష్ణస్వామి చెట్టి అనే ఆయన క్లబ్బు పెట్టి నడిపించాడు. డబ్బుల్లేక క్లబ్బు ఆగిపోతే, 1930లో మద్రాసు కార్పొరేషనోళ్లు అందుకున్నారు. 1938 జూన్‌లో ఆలిండియా రేడియో వచ్చి తన బోర్డు కట్టింది. వీయూఎం అని మూడక్షరాల గుర్తొకటి ఇచ్చారు. ముందు రెండూ దేశానివి, ఆఖరిది మద్రాసుది. అమెరికాలో అలాటి అక్షరాలే స్టేషన్ పేరంట, యజమాని మారితే అక్షరాలూ మార్చీసుకుంటారంట. మనకాడ అవి కాగితాల్లోనే ఉండిపోనాయి. ఎవడికి కావాలవి? జనానికి ఊరి పేరు చాలు.

1948లో కటకం రేడియో వచ్చింది, ఆ ఏడాది ఆఖర్న బెజవాడది. ఇచ్చాపురం వైపోళ్లకి బెజవాడ గరగరమనీది, కటకం గణగణమనీది. అందుకే ఆ వైపు మా ఈడోళ్లకి ఒరియా పాటలు బాగా వచ్చు. బళ్లో నేర్చుకున్నవి కావవి.

పాటలంటే గుర్తొచ్చింది. 1952లో కేస్కర్ అని ఢిల్లీలో రేడియో మంత్రి ఉండీవోడు. సినిమా పాటలు జనాన్ని చెడగొట్టీస్తన్నాయని కట్టడి చేసీసాడు. ఏటైంది? జనం పాటలు మానీలేదు, ముల్లు సిలోను రేడియో వైపు తిప్పీసారు. అక్కడ మీనాక్షి పొన్నుదురై అనే ఆవిడ తెలుగు పాటలు వేసీది. సముద్రం అవతల్నుంచి ఆవిడ మన తెలుగు మాటాడతంటే మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి మరీ వినీది. ఆఖరికి ఢిల్లీయే దిగొచ్చి, 1957 అక్టోబరులో వివిధభారతి పెట్టింది. పదేళ్లకి దాంట్లో ప్రకటనలూ వచ్చీసాయి. ఆకాశవాణి అన్న పేరు దేశమంతా వాడ్డం కూడా ఆ రోజుల్లోనే.

మనకి అసలు పండగ 1963 ఆగస్టులో, విశాఖపట్నం కేంద్రం మొదలైనప్పుడు. అప్పటిదాకా రేడియో తెలుగంటే కృష్ణా జిల్లా తెలుగే. వరి ఊడ్పుల మాటైనా వాళ్లూరి మాటే. విశాఖ వచ్చాక, జముకుల కథ రేడియోలో వస్తందంటే పంచాయితీ ఆఫీసు ముందర కూర్చోడానికి జాగా ఉండీది కాదు. ఢిల్లీ నుంచి కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నార్ వార్తలు చదివితే విని నమ్మీవోళ్లం. విశాఖ మాటాడితే మాత్రం మేం తిరిగి జవాబు చెప్పీవోళ్లం. ఆ తేడా పెద్దదే.

అప్పట్లో ఇంట్లో రేడియో ఉంటే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాల, తెలుసా? 1980ల్లో తీసీసారు.

తర్వాత ఎఫ్ఎం వచ్చింది. విశాఖలో సర్కారుది రెయిన్‌బో, 102 మీద. 2006 తర్వాత ప్రైవేటోళ్లు వచ్చారు. 93.5 మీద ఎస్ ఎఫ్ఎం అనీవోరు, చూస్తండగానే రెడ్ ఎఫ్ఎం అయిపోనాది. పాటలవే, కబుర్లవే. ఆ కుర్రోళ్లు హుషారుగానే మాటాడతారు గానీ, ఊడ్పుల గురించి గాని వేట గురించి గాని ఒక్క ముక్క చెప్పరు. నాకది రేడియో అనిపించదు. మీకు నచ్చితే వినండి.

2023 మే నెలలో ఢిల్లీవోళ్లు ఆలిండియా రేడియో అన్న మాట తీసీసి, ఇంక ఆకాశవాణి అనే అనమన్నారు. నీ ప్రశ్నకి జవాబు అదీ.

పేరుకేం గానీ, ఒక మాట. "కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో మూడో నంబరు ప్రమాద సూచిక" అని రేడియో అంటే మన గంగపుత్రులు వలలు ఒడ్డుకి లాగీసీవోరు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస కాడ తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలన్నీ పడిపోనాయి. సెల్లు ఛార్జింగు పెట్టుకోడానికి దారి లేదు. ఆ రోజుల్లో బ్యాటరీ రేడియో ఉన్నోడికే కబురు. అంచేత సంతకెళ్లినప్పుడు ఓ చిన్న రేడియో, రెండు జతల బ్యాటరీలు కొని ఇంట్లో ఉంచండి. మళ్లీ అక్టోబరు రాకముందే కొనండి.