అక్షరములు లేని వరహా

వేంగీ చాళుక్యుల తామ్రశాసనములందు రేకులను గ్రుచ్చిన కడియపు కొనలను బిగించిన రాజముద్రపై సూర్యచంద్రులతోను అంకుశముతోను కూడిన వరాహమూర్తియు, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అను బిరుదాక్షరములును కానవచ్చును. అక్షరము నేర్చినవారు మిక్కిలి కొలదిగా నున్న ఆ కాలమున శాసనము రాజుదని జనసామాన్యమునకు తెలియజేసినది ఆ వరాహమే. శక్తివర్మ, రాజరాజనరేంద్రుల పలుచని బంగారు నాణెముల నడుమను అదియే నిలిచినది. ఆ నాణెములు కొన్ని సముద్రమునకు ఆవల ఆరకాను తీరమునను, సయాము దేశమునను దొరకినవి. మన లిపి యెరుగని అచ్చటి వర్తకునకు అంచున గ్రుద్దిన బిరుదాక్షరములు వట్టి గీతలే కాగా, నడిమి బొమ్మయే ఆ పసిడికి పూచీపడి యుండవలెను.

వరాహలాంఛనమును పిమ్మట కాకతీయులును, విజయనగర ప్రభువులును ధరించిరి. బంగారు నాణెమునకు వరహా యను పేరు స్థిరపడిన పిదప దానిపై బొమ్మలు మారినను జనుల నమ్మిక చెదరలేదు. కృష్ణదేవరాయల వరహాపై ఒకవైపు బాలకృష్ణుడు, మరియొకవైపు నాగరిలో రాయల నామము. వేంకటపతిరాయల వరహాపై తోరణము క్రింద తిరుమలేశుడు.

చెన్నపట్టణమున కోట కట్టుకొనిన ఇంగ్లీషు కంపెనీవారు తమ టంకశాలలో వరహాలు వేయ మొదలిడినప్పుడు జరిగిన దానిని నిదానించి పరిశీలింపవలెను. చింతగింజకన్న పెద్దది కాని, సుమారు 3.4 గ్రాములు తూగు ఆ నాణెముపై ఒకప్రక్క దేవేరులిద్దరితో కూడిన స్వామి. రెండవప్రక్క ఇసుక చల్లినట్లు సన్నని చుక్కలు మాత్రమే. రాజు పేరు లేదు, కంపెనీ పేరు లేదు, సంవత్సరమును లేదు. ఇంచుమించు 1740 నుండి వెలువడిన నాణెములపై ఆ చుక్కల నడుమ ఒక నక్షత్రము చేరినది. డచ్చివారును, ఫ్రెంచివారును తమ రేవులలో ఈ త్రోవనే త్రొక్కిరి. క్రైస్తవులైన వర్తకులు విష్ణుమూర్తిని ముద్రించుటకు కారణము భక్తి కాదు, వ్యాపారము. తీరాంధ్రమున కలంకారీ బట్టలు నేయించి, అద్దించి కొనవలెనన్న సాలెవానికిని, అద్దకపువానికిని నమ్మకమైన సొమ్ము చేతికీయవలెను. తాతల నాటినుండి సంతలో చెల్లుచు వచ్చిన రూపమే ఆ నమ్మకమును ఈయగలిగెను.

అయితే రూపము ఒక్కటియే చాలెనని తలచుట పొరపాటు. బొమ్మ ఒకటే యైనను టంకశాలను బట్టి బంగారు వన్నె మారుచుండెను గనుక, బజారులో షరాబు ప్రతి వరహాను గీటురాయిపై గీచి, త్రాసులో తూచి, వన్నె తగ్గినదానికి వట్టము కోసికొనెడివాడు. చూపరి కంటికి బొమ్మ పలికిన మాటను గీటురాయి నిజమని తేల్చినన్నాళ్లే ఆ ముద్రకు గౌరవము.

1818లో మద్రాసు రాజధానిలో రూపాయి ప్రమాణ నాణెము కాగా, మూడున్నర రూపాయల విలువ గల వరహా తొలగిపోయినది. నేడు వ్యాపారసంస్థలు తమ సరకులపై నుండి పేరు తీసివేసి చిహ్నము మాత్రమే నిలుపుట చూచుచున్నాము. వానికిని ధర్మము ఇదియే. పేరు లేకున్నను జనులు గుర్తింపవలెనన్న, పేరున్న దినములలో సరకు వన్నె తగ్గకుండ తరతరములు కాపాడి యుండవలెను.