పేరున్న కుక్క, పేరు లేని కుక్క

ఉద్యోగరీత్యా నేను బొర్రా ప్రాంతంలో కొంతకాలం ఉన్నాను. చైత్రమాసంలో అక్కడి గిరిజనులకు ఇటుకల పండుగ. పూర్వం ఆ పండుగకు మగవాళ్లు కుక్కలను వెంటబెట్టుకుని వేటకు వెళ్లేవారని ఒక గూడెం పెద్దాయన చెప్పేవాడు. "అవి ఏ జాతి కుక్కలు?" అని అడిగాను. నవ్వి, "కుక్కలే బాబూ" అన్నాడు.

అమెరికాలోనూ ఇలాంటి కొండల్లో పుట్టిన వేటకుక్క ఒకటుంది. దాని పేరు ప్లాట్ హౌండ్. మనం వాయిదాల మీద కొనుక్కునే ప్లాటు కాదు సుమా, అది ఇంటిపేరు! యోహానెస్ ప్లాట్ అనే యువకుడు 1750లో జర్మనీ నుంచి ఐదు వేటకుక్కలతో ఓడ ఎక్కాడని, వెంట వచ్చిన తమ్ముడు దారిలోనే చనిపోయాడని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. ఆయన నార్త్ కరొలైనాలో స్థిరపడ్డాడు. కొడుకు హెన్రీ అక్కడి కొండసీమకు చేరాడు. తరతరాలుగా ఆ ఇంటివారు ఎలుగుబంట్ల వేటకు పెంచిన పులిచారల కుక్కలను ఇరుగుపొరుగు "ప్లాట్ వారి కుక్కలు" అన్నారు. అదే జాతి పేరయింది. అక్కడి కొండల వరుసకూ ఆ ఇంటిపేరే స్థిరపడింది. 1946లో యునైటెడ్ కెన్నెల్ క్లబ్ రిజిస్టరులో ఆ జాతి నమోదైంది. 1989లో నార్త్ కరొలైనా దానిని తన రాష్ట్ర శునకంగా ప్రకటించింది.

మన దేశంలో కుక్కకు ఊరి పేరు పెట్టడం వాడుక. రాంపూర్, ముధోల్, రాజపాళయం అన్నీ ఊళ్లే. 2005లో ఈ మూడింటికీ తపాలా బిళ్లలు వచ్చాయి. మన కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన గ్రామం పేరుతో పందికోన కుక్క ఉంది.

బొర్రా పేరుకు కూడా కథ ఉంది. బొర్ర అంటే రంధ్రం. ఆవు అందులో పడిందని, వెతకబోయిన కాపరికి గుహలో శివలింగం కనిపించిందని చెబుతారు. ఆ ఆవు కథ అందరికీ తెలుసు. వేటకు వెళ్లిన కుక్కల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

1972 చట్టంతో వన్యప్రాణుల వేటకు అడ్డుకట్ట పడింది, అది మంచిదే. కానీ సర్వీసంతా రిజిస్టర్లు రాసిన నేను, ఆ పెద్దాయన తన కుక్కలను ఏమని పిలిచేవాడో ఒక్క కాగితం మీద రాసుకోలేదు. ఏజెన్సీలో పనిచేసిన మిత్రులెవరికైనా అలాంటి పేర్లు గుర్తుంటే, దయచేసి ఇప్పుడే రాసి పెట్టండి.