ఎగ్మూరు చిత్రశాలలు - అమరావతి శిలల పాఠక్రమము

తాళపత్రప్రతులను పరిశీలించుటకై చెన్నపట్టణము పోవు పరిశోధక విద్యార్థులు సాధారణముగా ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున ప్రవేశించి, తమకు కావలసిన ప్రతి నెత్తివ్రాసికొని, సాయంకాలపు రైలునకు తిరిగివత్తురు. ఎగ్మూరు స్టేషనునకు కొలది దూరముననే యున్న ప్రభుత్వ వస్తుప్రదర్శనశాలను చూచితిమని చెప్పువారు మాకు అరుదుగా కనబడుచున్నారు. చూచినవారును బొమ్మలు బాగున్నవని చెప్పి యూరకుందురు. సాహిత్యమునకు శిలతో పనియేమి యను నభిప్రాయము మన శాఖలలో నింకను పోలేదు. ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచిన దొక్కటియే. ఎగ్మూరులోని అమరావతి శిలలు విడిపోయిన యొక మహాగ్రంథము యొక్క పత్రములు. వానిని చూచునపుడు ఇది యెన్నవ పత్రము, దీనికి ముందువెనుక లేవి యని యడుగుట భాషాసాహిత్య విద్యార్థి కలవాటైన పనియే.

ఈ ప్రదర్శనశాల పుట్టుకయే మన చదువునకు సంబంధించినది. 1851లో ఎడ్వర్డు బాల్ఫరు అను వైద్యుని యాధ్వర్యవమున సెంటుజార్జికోట కళాశాల భవనములందు ఇది ప్రారంభింపబడినది. ఆ కళాశాల 1812లో కంపెనీ యుద్యోగులకు దేశభాషలు నేర్పుటకై యేర్పడినది. కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణము 1816లో వెలువడిన దచ్చటనే. తెలుగు సంస్కృతజన్యము కాదనియు, దక్షిణదేశభాషలతో నేకకుటుంబమునకు చెందినదనియు ఎల్లిసు నిరూపించినది ఆ వ్యాకరణ పీఠికకు చేర్చిన వివరణముననే. అట్టి యింట పుట్టిన ప్రదర్శనశాల 1854లో ఎగ్మూరులోని పాంథియను ఆవరణమునకు తరలినది. చెన్నపురివాసులు చాలకాలము దీనిని 'చచ్చిన కాలేజీ' యనియు, జంతుప్రదర్శనశాలను 'బ్రతికిన కాలేజీ' యనియు వ్యవహరించిరి. పరిహాసముగా తోచినను ఈ పేరులో కొంత చరిత్ర నిలిచియున్నది. జంతుశాలయు మొదట బాల్ఫరు ఈ యావరణముననే నెలకొల్పినదే.

ఆవరణమున భవనములు పెక్కు. 1896లో తెరవబడిన కన్నెమరా గ్రంథాలయమును మనవా రెరుగుదురు. హెన్రీ ఇర్విను నిర్మించిన ఎఱ్ఱరాతి చిత్రశాలకు 1906లో పునాది వేయబడి, 1909లో ప్రవేశోత్సవము జరిగినది. రవివర్మ చిత్రములకది పేరుపొందినది. కంచువిగ్రహముల మందిరమున తిరువాలంగాడు నటరాజమూర్తి యొక్కటియే ఒక పూటను హరింపగలదు. అమరావతిలో దొరకిన బుద్ధుని లోహవిగ్రహములును ఈ సంగ్రహమున కలవు. అయినను ఇవన్నియు తమంతట తాము సంపూర్ణములు. విగ్రహము గుడిని విడిచివచ్చినను విగ్రహముగనే నిలుచును. స్తూపమునుండి ఊడివచ్చిన పలక యట్లు కాదు. అందుచే మేము వీనిని దాటి అమరావతి మందిరమునకే పోవుచున్నాము.

ఈ శిలలను పాతగ్రంథములు చలువరాళ్లనుట పరిపాటి. నిజమునకవి పలనాటి సున్నపురాళ్లు. ఈ భేదము చిన్నది కాదు. స్తూపమునకు కలిగిన నాశమునకు హేతువు ఆ రాతి స్వభావమునందే యున్నది. సున్నపురాయి బట్టీలో వేసిన సున్నమగును. 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లినుండి అమరావతికి రాజధానిని మార్చి నూతననగరమును కట్టించునపుడు, జనులు దీపాలదిన్నె యని పిలుచుచుండిన దిబ్బ యిటుకలకును రాళ్లకును సిద్ధముగా దొరకిన గని యైనది. కాలిను మెకంజీ ఆ కాలముననే వచ్చి దిబ్బను చూచెను. 1816లో మరల వచ్చుసరికి నడిమిభాగము చెరువుగా త్రవ్వబడియుండెను. కవిపండిత పోషకుడై, అమరేశ్వరాలయమును వృద్ధిపొందించిన ప్రభువును ఇందులకు నిందించుట మన వ్యాసములలో నొక యాచారమైనది. ఆ దిబ్బ యెవరిదో, దానిలోని బొమ్మ లేమతమువో గుర్తెరిగినవా రాకాలమున ఆ ప్రాంతమున లేరు. ఎరిగియు చేసినవారు తరువాత వచ్చిరి. వారి మాట ముందు చెప్పెదము.

మెకంజీ పేరు మనకు కైఫీయతుల మూలమున సుపరిచితము. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు గ్రామగ్రామము తిరిగి సేకరించిన ఆ కాగితములపై ఏది యే గ్రామమునుండి వచ్చినదో వ్రాయబడియుండుటచేతనే అవి నేటికిని ప్రమాణములగుచున్నవి. ఆయన ఇదే శ్రద్ధను రాళ్లయెడను చూపెను. 1816-17లలో తన బృందముచే దిబ్బకు పటము గీయించి, పలకల రూపములను చిత్రింపించెను. ఆ చిత్రములు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున భద్రముగా నున్నవి. కైఫీయతును చదువు పరిశోధకుడు ఈ చిత్రములను చూడకుండుట, ఒకే లేఖకుడు వ్రాసిన రెండు సంపుటములలో నొకదానిని మూసియుంచుట వంటిది.

మెకంజీ కాలముననే కొన్ని రాళ్లు కలకత్తాకును, కొన్ని మదరాసునకును పోయినవి. తరువాత మచిలీపట్టణము కలెక్టరు రాబర్ట్‌సను కొన్నింటిని తెప్పించి తాను వేయించిన పేటలో నలంకారముగా నిలిపెను. అవి పిమ్మట మదరాసు చేరినవి. 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించి పంపిన శిలలు మదరాసులో పదునాలుగేండ్లు పడియుండి, 1859లో ఓడనెక్కి లండనునకు పోయినవి. అచ్చటను వానికి తగిన ఆదరణ లభింపలేదు. 1867లో ఫెర్గూసను వానిని కనుగొని, మరుసటి యేట ముద్రించిన గ్రంథమున ప్రకటించిన పిమ్మటనే లోకము గుర్తించినది. 1880లో అవి బ్రిటిషు మ్యూజియమునకు చేరినవి.

1877లో రాబర్టు సీవెలు దిబ్బలో నొక భాగమును త్రవ్వెను. 1880లో మదరాసు గవర్నరు బకింగుహాము ప్రభువు దిబ్బనంతయు శుభ్రము చేయింపుడని యాజ్ఞాపించెను. ఆ 'శుభ్రము' ఫలితముగా స్తూపమున్న చోట పెద్ద గొయ్యి మిగిలినది. ఏ రాయి యే యెత్తున, ఏ ప్రక్కన నుండెనో తెలిసికొను మార్గము ఆ యొక్క యాజ్ఞతో మూసికొనిపోయినది. జేమ్సు బర్జెసు 1881లో వచ్చునప్పటి కంతయు ముగిసియుండెను. ఆయన మిగిలినవానిని మదరాసునకు పంపగా, ప్రదర్శనశాలాధికారి బిడీ వానిని గోడలలో సిమెంటుతో బిగింపించెను. వేంకటాద్రినాయుని పనివారు రాతిని నాశనము చేసిరి. ఈ విద్యావంతులు రాతిని రక్షించి, క్రమమును నాశనము చేసిరి. రెండవ నష్టము పూరింపరానిదని మా తలంపు.

తాళపత్రగ్రంథము త్రాడు తెగి ఆకులు కలసిపోయినపుడు మనమేమి చేయుదుము? పద్యసంఖ్యను చూతుము, కథాసంధిని చూతుము, ఒక యాకు చివర తెగిన సమాసము మరియొక యాకు మొదట పూర్తియగునేమో చూతుము. అమరావతి శిలల విషయమునను ఇదియే మార్గము. ఇందులకు పల్లవ సింహవర్మ శాసనమున్న ఎనిమిది ముఖముల స్తంభము చక్కని యుదాహరణము. బర్జెసు త్రవ్వకమున దొరకి మదరాసు చేరిన యీ స్తంభముపై సంస్కృతశాసనము కలదు. పైనుండి క్రిందికి చదివిన దాని కన్వయము కుదురదు. హుల్ట్‌షు పండితుడు మూలమును స్వయముగా పరిశీలించి, దానిని క్రిందిపంక్తినుండి పైకి చదువవలెనని కనుగొని, 1890లో ప్రకటించెను. పంక్తిక్రమమును మార్చినంతనే శ్లోకములు శ్లోకములైనవి. లిపిజ్ఞానమొక్కటియే చాలియున్నచో ఈ చిక్కు రాకయే యుండును. ఛందస్సు తెలిసి, అన్వయము కోరుకొను పాఠకుడు కావలసివచ్చెను.

ఇక బొమ్మల చదువు. నాలాగిరి యను మదపుటేనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథగల గుండ్రని ఫలకము ఈ మందిరమున నున్నది. దీని ముందు తొందరపడక నిలువవలెను. రాజగృహపు వీథిలో ఎడమవైపున ఏనుగు విజృంభించి మనుష్యుని తొండముతో పట్టుచున్నది. జనులు చెదరి పరుగిడుచున్నారు. భయపడిన స్త్రీ దగ్గరనున్న పురుషు నంటిపెట్టుకొనినది. మేడల గవాక్షములనుండి కొందరు తొంగిచూచుచున్నారు. కుడివైపున అదే యేనుగు బుద్ధుని పాదములకడ మోకరిల్లినది. రెండేనుగులు లేవు, ఉన్నది యొక్కటియే. రెండు క్షణముల మధ్య గీత గీయక, ఒకే వీథిలో, ఒకే వృత్తములో శిల్పి రెంటిని నిలిపినాడు. చూపు ఎడమనుండి కుడికి నడచుకొలది కోలాహలము తగ్గును. గవాక్షములలోని వారు మాత్రము రెంటికిని సాక్షులు. మన ప్రబంధవర్ణనలలో మేడలెక్కి చూచు పురస్త్రీల కల్పన సంస్కృతకావ్యములనుండి వచ్చినదని పాఠము చెప్పుచుందుము. ఆ మాట కాదనము. కృష్ణాతీరమున ఒక తెలుగు పద్యమైనను వ్రాతకెక్కుటకు చాల శతాబ్దములు ముందే ఆ గవాక్షములు రాతిలో తెరచుకొనియుండెనని మాత్రము తోడుగా చెప్పవలెను.

అయితే ఈ ఫలకము ప్రాకారపు ఏ స్తంభముపై, ఏ దిక్కునకు తిరిగి యుండెను? దానికి పొరుగున నున్న కథ యేది? ప్రదక్షిణము చేయు యాత్రికునకు ఇది ముందు కనబడెనా, భిక్షాపాత్రను దేవతలు స్వర్గమునకు కొనిపోవు మరియొక ప్రసిద్ధఫలకము ముందు కనబడెనా? ఒక్కొక్క పద్యమును వ్యాఖ్యానింపవచ్చును గాని, పద్యముల వరుస తెలియని కావ్యమునకు కథాసంవిధానమును గూర్చి చెప్పుట సాహసము.

శిలలపై నున్న దానశాసనములు మన దృష్టికి మరింత చేరువ. అవి ప్రాకృతమున నున్నవి. దాతలలో రాజులకంటె గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు ఎక్కువ. పూర్ణఘటము చెక్కిన యొక పలకపై, ఉపాధ్యాయుడగు నాగుని కుమారుడు విధికుడను చర్మకారుడు, తల్లితో, భార్యతో, సోదరులతో, కుమారునితో, కుమార్తెలతో కూడి దానిని సమర్పించినట్లున్నది. ఉపాధ్యాయుని కొడుకు చర్మకారుడగుటను, ఇంటిల్లిపాదిని పేర్కొనుటను సాంఘికచరిత్రకారులు గమనింతురు. మనము గమనింపదగినది మరియొకటి. ఆ శాసనము బొమ్మను 'పుణఘటకము' అని దాని పేరుతో చెప్పుచున్నది. బొమ్మయు దాని నామమును ఒకే రాతిపై నుండుట కోశకారునకు గొప్ప లాభము. 2018లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము స్వీకరించిన రాజముద్రలోని ఘటము అమరావతి శిల్పసంప్రదాయమునుండి గ్రహింపబడినదే. విధికుని పేరు మాత్రము మన విద్యార్థులలో నెందరికి తెలియునో సందేహము.

అమరావతి శాసనశకలమునుండియే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 'నాగబు' అను పదమును వెలికితీసి, ప్రథమావిభక్తితో కూడిన తొలి తెలుగుమాటగా చూపిరి. మన భాషాచరిత్ర పాఠములన్నియు ఇప్పటికి దీనితోనే ప్రారంభమగుచున్నవి. అది శకలము. మాటకు ముందును వెనుకను రాయి విరిగినచో ఆ మాట యచ్చటనే మొదలై యచ్చటనే ముగిసినదని నిర్ధారించుటకు పూర్వాపరములు కావలెను. శాస్త్రిగారి యూహను మేము త్రోసిపుచ్చుట లేదు, '-బు' ప్రత్యయము నట్లు పోల్చుట వారి నిశితదృష్టికి తగినదే. ఆ శకలము అతుకు పలక దొరకినచో తెలుగుభాషాచరిత్రలోని మొదటిపుట స్థిరపడనైనను వలెను, మారనైనను వలెను. క్రమము పోయిన నష్టము శిల్పచరిత్రకే కాక మనకును తగిలినదనుట కిదియే ప్రబలసాక్ష్యము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడినపుడు మదరాసు తమిళులకు మిగిలినది. శిలలును అచ్చటనే నిలిచినవి. వానిని మరల తెప్పింపవలెనను కోరిక మన సభలలో తరచుగా వినబడును. ఆ కోరిక న్యాయమైనదే. కాని నేడవి అమరావతికి వచ్చినను, వచ్చి నిలుచునది మరియొక మందిరముననే. వాని మొదటి చోటు 1880లోనే పోయినది. చెన్నపట్టణము, లండను, కలకత్తా, అమరావతి యను నాలుగుచోట్ల నున్న ఖండములను ఒకే గ్రంథమునకు చెందిన ప్రతిఖండములుగా నెంచి సరిపోల్చుట ఆ తీర్పు వచ్చువరకు ఆగవలసిన పని కాదు. సాధనములు చేతనున్నవి. మదరాసు శిలలకు శివరామమూర్తిగారి 1942 నాటి గ్రంథము, లండను శిలలకు బారెటు 1954లోను, నాక్సు 1992లోను ప్రకటించిన పట్టికలు కలవు. ప్రాకృతమును, బ్రాహ్మీలిపిని ఒక యేడు శ్రద్ధగా నేర్చిన విద్యార్థి యీ మూడింటిని ముందుంచుకొని, మెకంజీ చిత్రములతో పలకవెంట పలకను సరిచూడగలడు. అట్లు చూచినపుడు చిత్రమున రూపము మిగిలి, ఏ మందిరమునను రాయి మిగులని పలకలు కొన్ని తేలును. పని వానితోనే ప్రారంభించుట మేలని మా యభిప్రాయము. ఎగ్మూరు గోడలపై నెడమేది, కుడియేది యని నిర్ణయించుటకు ఆ లోపించిన పలకలే మొదట కావలసియున్నవి.