వాంపనోగుల భాష

అమెరికా ఈశాన్య తీరాన, నేటి మసాచుసెట్స్ రాష్ట్ర ప్రాంతంలో అనాదిగా నివసిస్తున్న వాంపనోగుల భాష ఆల్గాంకియన్ కుటుంబానికి చెందినది. 1616–1619 సంవత్సరాల నడుమ ఐరోపీయుల రాకతో ప్రబలిన మహమ్మారి వారి గ్రామాలను అనేకం పాడుపెట్టింది. 1620లో ప్లిమత్ తీరాన దిగిన ఆంగ్లేయులను తొలుత ఆదుకొన్నది ఆ మిగిలినవారే.

జాన్ ఎలియట్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఈ భాషను రోమన్ లిపిలో వ్రాసి, బైబిలును సమగ్రంగా అనువదించి, 1663లో అచ్చొత్తించాడు. ఉత్తర అమెరికాలో ముద్రితమైన మొదటి సంపూర్ణ బైబిలు అదే, ఇంగ్లీషుది కాదు. కీర్తి ఎలియట్‌కు దక్కింది గాని, స్థానికుల సహాయం లేనిదే ఆ పని సాగేది కాదు. ముద్రణాలయంలో పనిచేసిన నిప్మక్ జాతీయుడు జేమ్స్ ప్రింటర్‌కు ఆ వృత్తే ఇంటిపేరయింది.

ఈ భాషలో మనకువలెనే 'మేము', 'మనము' వేరువేరు. ఇంగ్లీషుకు ఆ భేదం లేదు, హిందీకీ లేదు. హిందీ 'హమ్'ను తెలుగు చేసేవాడు వినేవానిని అందులో చేర్చాలా వద్దా అని ప్రతిసారీ ఆగి ఆలోచించవలసిందే. ఎలియట్ బైబిలులో ప్రభుప్రార్థన 'నూషన్' అనే సంబోధనతో మొదలవుతుంది. 'మా తండ్రీ' అని అర్థం. ఆలకించే దేవుడు ఆ 'మా'లో చేరడు గదా! తెలుగు బైబిలులోనూ అక్కడ ఉన్నది 'మా' అనే.

దేవుని ఎదుట 'మా' అని చెప్పగలిగిన ఆ క్రైస్తవులను ఆంగ్లేయులు మాత్రం తమ 'మన'లో చేర్చుకోలేదు. 1675లో వాంపనోగు నాయకుడు మెటాకమ్ యుద్ధానికి దిగగానే, క్రైస్తవులైన స్థానికులను బోస్టన్ రేవులోని డీర్ దీవిలో నిర్బంధించారు. ఆకలికీ చలికీ అనేకులు మరణించారు. యుద్ధంలో గ్రంథప్రతులు కూడా చాలా నశించగా, 1685లో రెండవ ముద్రణ వెలువడింది. దానికీ జేమ్స్ ప్రింటరే పనిచేశాడు.

మతం కోసం నేర్పిన అక్షరాలతో వాంపనోగులు భూమి దస్తావేజులు, వీలునామాలు, అర్జీలు వ్రాసుకొన్నారు. నా దృష్టిలో బైబిలుకంటె విలువైనవి ఇవే. వీటిలో మాట్లాడేది అనువాదకుడు కాదు, ఆ భాష సొంతదారులు. పందొమ్మిదో శతాబ్దంలో భాష నోళ్ళనుంచి జారిపోయినా ఈ కాగితాలు మిగిలాయి. ఐవ్స్ గాడర్డ్, కాథ్లీన్ బ్రాగ్డన్ వాటిని 1988లో ప్రకటించారు.

వాంపనోగు మహిళ జెస్సీ లిటిల్ డో బెయర్డ్ 1993లో భాషోద్ధరణకు పూనుకొన్నది. కెన్నెత్ హేల్ అనే భాషావేత్త వద్ద చదివి, 2000లో స్నాతకోత్తర పట్టం పొందింది. ఆ బైబిలు, ఆ దస్తావేజులే ఆమెకు ఆధారాలు. వాటిలో దొరకని మాటలకు సోదరభాషల ధ్వనిసూత్రాలు దారి చూపాయి. నూరేళ్ళకు పైబడిన విరామం తరువాత ఆ భాషను ఉగ్గుపాలతో నేర్చిన తొలి బిడ్డ ఆమె కుమార్తె.