గేమింగ్‌లో ఓడిన మెమరీ, ఇప్పుడు మన ఫోన్ రేటు పెంచుతోంది!

అరకు నుంచి వైజాగ్ దిగే ఘాట్ రోడ్డు చూశారుగా? అక్కడ ఎక్కువ జనం దిగాలంటే రెండే దారులు. బండ్లు స్పీడుగా నడపాలి, లేదా రోడ్డు వెడల్పు చేయాలి. వెడల్పు చేయాలంటే కొండ తవ్వాలి, బోలెడు ఖర్చు. ఈరోజు మన కథ ఇదే.

గ్రాఫిక్స్ కార్డుల్లో వాడే జీడీడీఆర్5 మెమరీ అంటే ఇరుకు రోడ్డు, స్పీడు బండ్లు. దానికి పోటీగా ఏఎండీ, ఎస్‌కే హైనిక్స్ కలిసి తెచ్చింది హెచ్‌బీఎం, అంటే హై బ్యాండ్‌విడ్త్ మెమరీ. ఇది వెడల్పు రోడ్డు. మెమరీ చిప్పుల్ని అంతస్తుల్లా పేర్చి, గ్రాఫిక్స్ చిప్ పక్కనే పెట్టారు. 2015 జూన్‌లో వచ్చిన రేడియాన్ ఫ్యూరీ ఎక్స్‌లో 4096 బిట్ల దారి, సెకనుకు 512 జీబీ డేటా. ఎన్విడియా జీటీఎక్స్ 980 టీఐలో 384 బిట్లు, 336 జీబీ.

ఆ సెప్టెంబర్‌లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి హెడ్ అయింది ఎవరో తెలుసా? మన ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి గారు.

మరి తేడా ఎక్కడ కొట్టింది? కొండ తవ్వే దగ్గరే. అన్ని వేల సన్నటి లైన్లు వేయడానికి చిప్పుల కింద ఇంకో సిలికాన్ పలక కావాలి, దాన్నే ఇంటర్‌పోజర్ అంటారు. ఖర్చు పెరిగింది. పైగా ఫ్యూరీ ఎక్స్‌లో ఉన్నది 4 జీబీ మెమరీ, అదే 649 డాలర్లకి ఎన్విడియా 6 జీబీ ఇచ్చింది. 2017లో హెచ్‌బీఎం2తో వేగా 64 వచ్చినా, గేముల్లో అంతకుముందు ఏడాది వచ్చిన జీటీఎక్స్ 1080తో దాదాపు సమానమే. ఆ నవంబర్‌లో రాజా గారు ఇంటెల్‌కి వెళ్లిపోయారు. 2019 జులైలో ఆర్ఎక్స్ 5700 ఎక్స్‌టీతో ఏఎండీ కూడా జీడీడీఆర్6 దారి పట్టింది.

అప్పుడు బీటెక్ హాస్టల్లో "హెచ్‌బీఎం పనైపోయింది రా" అని తేల్చేసిన మేధావుల్లో నేనూ ఉన్నా. తప్పు! గేమర్ రేటు చూస్తాడు. ఏఐ సర్వర్ కొనేవాడికి రేటు కంటే డేటా వేగం ముఖ్యం. ఎన్విడియా 2016లోనే తన సర్వర్ చిప్ పీ100లో హెచ్‌బీఎం2 పెట్టింది. 2022 నాటి హెచ్100లో 80 జీబీ హెచ్‌బీఎం3! టెక్నాలజీ అదే, కొనేవాడు మారాడు.

ఇక మన జేబు సంగతి. ప్రపంచంలో హెచ్‌బీఎం చేసేది ముఖ్యంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మన ఫోన్లలో ర్యామ్ ఎక్కువగా చేసేదీ వీళ్లే. లాభం ఎక్కడుంటే ఫ్యాక్టరీ అటే తిరుగుతుంది. అందుకే 2025 చివర్లో మామూలు ర్యామ్ రేట్లు ఎగబాకాయి. ఈసారి ఫోన్ రేటు చూసి షాపు అన్నని తిట్టకండి, పాపం ఆయన తప్పేం లేదు!