మన బొక్కలు రక్తంతో వచ్చాయా, నీళ్లతో వచ్చాయా?

ఇవాళ కెమెరా ఆర్మూర్‌లోనే పెట్టాను, మా పసుపు కల్లం దగ్గర. వెనక పసుపు ఆరుతోంది, గాలి సౌండ్ వస్తే ఏమనుకోకండి.

పోయిన ఏడాది మా అమ్మమ్మ వాకిట్లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. అప్పుడు మా అమ్మ అన్న మాట: "మా ఆడోళ్ల బొక్కలే గంత. మా అమ్మమ్మకు గూడ గిట్లనే అయింది." అంతే, తను మాత్రం టెస్టు చేయించుకోనంది. రాసిపెట్టి ఉన్నదానికి టెస్టు ఎందుకట! నేను కోడింగ్ చేసినోణ్ని, ఆ లాజిక్ నాకు ఎక్కలేదు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు ఈ కొమ్ము చూడండి. పసుపుకు మనం గింజ వేయం, పాత పంట దుంపనే పాతిపెడతాం. అంటే ఒక దుంప నుంచి వచ్చిన మొక్కలన్నీ జన్యువుల లెక్కలో అచ్చుగుద్దిన కవలలు. అయినా ఒకే విత్తనం రెండు చేలల్లో వేస్తే దిగుబడి, రంగు ఒకేలా ఉండవు. నేల, నీళ్లు తేడా తెస్తాయి.

మనుషుల్లో ఈ ప్రశ్నను కవలలతో తేల్చుకోవచ్చని 1875లో ఇంగ్లాండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్ రాశాడు. పుట్టుకదే పైచేయి అని ఆయన నమ్మకం. ఎముకల దాకా రావడానికి ఇంకో వందేళ్లు పట్టింది. 1973లో అమెరికాలో కవల జంటల ఎముకలను కొలిచారు. మామూలు కవలల కంటే అచ్చుగుద్దిన కవలల ఎముకలు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. తర్వాతి కవలల అధ్యయనాల్లో, మనుషుల మధ్య ఎముక సాంద్రతలో కనిపించే తేడాల్లో సుమారు 60 నుంచి 80 శాతం జన్యువుల వల్లేనని తేలింది.

అంటే మా అమ్మ చెప్పిందే కరెక్టా? ఆగండి.

అదే 1973లో మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. నల్గొండ ఫ్లోరైడ్ ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోతున్నాయి, ఎముకలు గుల్లబారుతున్నాయి అని. నిజానికి తెలుగు నేల మీద ఈ జబ్బు అంతకుముందే బయటపడింది. 1937లోనే షార్ట్ బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో దీన్ని గుర్తించింది.

కారణం వంశం కాదు, బావి నీళ్లు. అక్కడి రాళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఏళ్ల తరబడి ఎక్కువ తాగితే ఫ్లోరైడ్ ఎముకలో చేరి దాని నిర్మాణాన్నే మారుస్తుంది. వెన్ను బిగుసుకుపోతుంది, కాళ్లు వంకరపోతాయి. తాతకు, కొడుకుకు, మనవడికి ఒకే రూపం. చూసినవాళ్లు "ఆ ఇంటి రక్తమే గంత" అనుకున్నారు. ఆ ఊళ్లకు పిల్లనివ్వడానికి వెనకాడారు. ఆ ముగ్గురికీ కలిసింది రక్తం ఒక్కటే కాదు, బావి కూడా.

ఇక్కడే అసలు పాయింట్. ఆ ఊరి కవలలనే తీసుకొచ్చి కొలిస్తే ఏమయ్యేది? అందరూ తాగేది అవే నీళ్లు. నీళ్లలో తేడా లేనప్పుడు లెక్కలో నీళ్లు కనబడవు, మిగిలిన తేడా ఎక్కువగా జన్యువుల ఖాతాలో పడుతుంది. ఊరంతా వంగిపోయినా "70 శాతం జన్యువులే" అని రిజల్ట్ రావచ్చు. ఆ శాతం మనుషుల మధ్య తేడా గురించి చెబుతుంది. మీ ఎముకలో ఇంత భాగం రాసిపెట్టి ఉందని కాదు.

మరి కవలల్లో ఒకరి అలవాటు మారితే? 1994లో ఆస్ట్రేలియాలో 41 జంటల ఆడ కవలలను చూశారు. ఒకరు సిగరెట్ ఎక్కువ తాగేవాళ్లు, ఇంకొకరు తక్కువ లేదా అసలు తాగనివాళ్లు. రోజుకో ప్యాకెట్ చొప్పున తాగుతూ పోతే, నెలసరి ఆగే వయసుకు ఎముక సాంద్రత సగటున 5 నుంచి 10 శాతం తగ్గుతుందని లెక్క తేలింది. కలిసి పుట్టిన అక్కచెల్లెళ్లే!

నల్గొండకు తిరిగొద్దాం. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది, దానికి పేరే నల్గొండ టెక్నిక్. 2003లో బాధితులను ఢిల్లీకి తీసుకెళ్లి ప్రధాని వాజపేయికి చూపించారు. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ వేశారు, నది నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. 1937 నుంచి లెక్కపెట్టండి, ఎన్ని తరాలు ఆ నీళ్లే తాగాయో. "మా బొక్కలే గంత" అనుకుని ఊరుకుంటే పడే ఖరీదు అది.

ఈ కథంతా మా అమ్మకు చెప్పాను. పూర్తిగా నమ్మలేదు గానీ టెస్టుకు వచ్చింది. సాంద్రత కొంచెం తగ్గింది, ఇప్పుడే జాగ్రత్తపడితే మంచిదని డాక్టర్ చెప్పారు. ఇప్పుడు రోజూ పొద్దున సిద్దులగుట్ట దిక్కు నడిచొస్తోంది. "రక్తం నాదే గానీ నడక గూడ నాదే కదరా" అంటోంది.

మీ ఇంట్లో కూడా "మా వంశమే అంత" అని వదిలేసిన జబ్బు ఏదైనా ఉందా? కామెంట్‌లో రాయండి. ముందు మాత్రం ఇంట్లో పెద్దోళ్లను టెస్టుకు తీసుకెళ్లండి. ఉంటాను మరి.